గెలుపునకు కొలబద్ద

పందెమున గెలిచినవా డెవడో కన్నులార చూచినవారికి వేరుగా చెప్పనక్కరలేదని మనము తలంతుము. పరుగుపందెమున నది నిజమే. గీటును ముందు దాటినవాడే విజేత. కాని పది యాటలు, ఇరువది బడులు, మూడు దినములు కూడినచోట విజేతను కన్నులు చూడలేవు. లెక్క కట్టి తెలిసికొనవలసినదే. ఆ లెక్క కట్టు విధమును మనుష్యులే నిర్ణయింతురు గనుక, విజేతను కొంత ఆటగాడును, కొంత లెక్కవ్రాయువాడును కలిసి సృజింతురని చెప్పవచ్చును. ఈ రెండవవాని ధర్మ మేమి?

మా సాలూరు కొండల పాదమున నున్న ఊరు. పాచిపెంట, మక్కువ కొండల గూడెముల పిల్లలు చదువు ఆశ్రమపాఠశాలయు, పట్టణపు పెద్ద పాఠశాలయు ఒకే మైదానమున పోటీపడిన వనుకొందము. మొదటివానికి ఐదు, రెండవవానికి మూడు, మూడవవానికి ఒకటి: ఇది వాడుకలోని లెక్క. అరువదిమంది పిల్లలుగల ఆశ్రమపాఠశాల నాలుగు పందెములందు మొదటి స్థానమును పొంది యిరువది పాయింట్లు తెచ్చుకొనెను. నాలుగువందలమంది గల పెద్ద పాఠశాల ఒక్క మొదటి స్థానమునైనను గెలువక, ప్రతి పందెమునకును మనిషిని పంపి, ఏడు రెండవ స్థానములచే ఇరువదియొక్క పాయింట్లు కూడబెట్టెను. కప్పు దానిదే. మొదటి స్థానముల సంఖ్యనే ముందు చూడవలెనను నియమ మున్నచో కప్పు కొండమీదికి పోయెడిది. పిల్లలు పరుగెత్తినది ఒక్కటే పరుగు, మారినది కలము.

అట్లని మొదటివానికి పది యిచ్చి చూడుడు. మరుసటి యేడు ప్రతి బడియు ఇద్దరు ముగ్గురు చురుకైన పిల్లలను ఏరి, వారికే తరిఫీ దిచ్చి, తక్కినవారిని చప్పట్లు కొట్టుటకు కూర్చుండబెట్టును. పాయింట్లను పిల్లల సంఖ్యచే భాగింతమందురా? మైదానమునకు వచ్చినవారి సంఖ్యచే భాగించినచో బలహీనుడైన పిల్లవాని నింటికడనే యుంచుట లాభకర మగును. హాజరుపట్టీలోని సంఖ్యచే భాగించినచో ఆ మోసము సాగదు. భాగింపదలచినవారు దీనినే వాడవలెను. పిల్లలందరును ఆడవలెనని నోట చెప్పి, పట్టికలో మాత్రము ఒక్కని గెలుపునకే పాయింట్లన్నియు పోయు పెద్దల మాటను పిల్లలు నమ్మరు. పట్టికనే నమ్ముదురు.

దేశములును బాలురకంటె మెరుగుగా లేవు. 2008 బీజింగు ఒలింపిక్ క్రీడలయందు స్వర్ణములను బట్టి చూచిన చీనాయు, పతకముల మొత్తమును బట్టి చూచిన అమెరికాయు ప్రథమస్థానమున నిలిచినవి. అమెరికా పత్రికలు మొత్తమునే ముందు పెట్టి ప్రచురించినవి. తనకు లాభించు కొలబద్దనే న్యాయ మనుకొనుట మనుష్యస్వభావము. అందుచేతనే కొలబద్దను ఆటకు ముందు, ఫల మెవరిదో తెలియని వేళ, నిర్ణయింపవలెను.

కాని ముందుగా నిర్ణయించినంతమాత్రమున నియమము న్యాయ మగునా? మన కోనేరు హంపి చరిత్రమున దీనికి తగిన నిదర్శన మున్నది. 2019 డిసెంబరులో మాస్కోలో జరిగిన ప్రపంచ మహిళా ర్యాపిడ్ చదరంగపు పోటీలో ఆమెయు, చీనాదేశపు లేయ్ టింగ్జేయు, టర్కీదేశపు ఎకతెరీనా అతాలిక్కును పండ్రెండు ఆటలలో తొమ్మిదేసి పాయింట్లతో సమానముగా నిలిచిరి. ఉపనియమముల ప్రకారము మొదటి యిద్దరికే తుదిపోరు. హంపి అందు గెలిచి జగజ్జేత్రి యయ్యెను. అతాలిక్కు ఆ పోరు ఆడకయే మూడవ దయ్యెను. 2025 డిసెంబరులో దోహాలో మరల ముగ్గురు, గొర్యాచ్కినా, ఝూ జినర్, హంపి, పదునొకండు ఆటలలో ఎనిమిదిన్నరేసి పాయింట్లు పొందిరి. ఈ మారు తుదిపోరునకు వెలుపల నిలిచినది హంపి.

ఇట్టి చిక్కును విప్పుటకు చదరంగమున వాడుకలోనున్న యుపాయములలో బుహోల్జ్ పద్ధతి యొకటి: ఒకరు ఎదుర్కొనిన ప్రత్యర్థు లందరును సంపాదించిన పాయింట్లను కూడుట. బలవంతులతో తలపడి తెచ్చుకొన్న పాయింటు విలువ యెక్కువయని దాని భావము. భావము మంచిదే. కాని ప్రత్యర్థి మనతో ఆడిన పిదప ఇతరులచే ఓడినచో మన విలువ తగ్గును. అది మన వశములోని పని కాదు. సమానులు ముగ్గురైనపుడు ఇద్దరినే యేల ఆడింపవలెను? కాలము చాలదందురు. ఇది సౌకర్యమునకై చేసిన నియమము. సౌకర్యమనియే చెప్పినచో తప్పులేదు. దానికి న్యాయమను పేరు పెట్టుట నాకు రుచింపదు. హంపికి ఒకమారు లాభించి మరియొకమారు నష్టించినది గనుక లెక్క సరిపోయినదనువారు, అతాలిక్కునకు సరిపోయినదేమో చెప్పవలెను.

లోపములేని కొలబద్ద ఎక్కడనో యున్నదని వెదకుటయు వ్యర్థమే. పలువురు తీర్పరు లిచ్చిన వరుసలను కూర్చి ఒకే వరుస చేయుటకు, ముగ్గురు గాని అంతకెక్కువమంది గాని పోటీదారు లున్నపుడు, సహజములని తోచు కొద్దిపాటి నియమముల నన్నింటిని ఒక్కమారుగా నిలుపగల పద్ధతి లేదని కెన్నెత్ ఆరో 1951లో గణితముచే నిరూపించెను. ఏ లోపమును భరింతుమో యేరుకొనుటయే మనకు మిగిలినది.

ఆటలో కప్పు పోయిన పిల్లవాడు మరునాడు నవ్వగలడు. పరీక్షలో వరుస తప్పినవాని బ్రదుకే మారును. ఇంజనీరింగు చదువునకై ఆంధ్రప్రదేశమున ప్రవేశపరీక్షకు నూటికి 75 పాళ్లును, ఇంటర్మీడియటు మార్కులకు 25 పాళ్లును ఇచ్చి ర్యాంకు కట్టు పద్ధతి బహుకాలము నడచినది. తెలంగాణము 2023లో ఆ 25 పాళ్లను తీసివేసినది. మూడుగంటల పరీక్ష స్థాలీపులాకన్యాయము వంటిది: ఒక్క మెతుకును పట్టిచూచి కుండెడన్నమును తెలియుట. రెండేండ్ల చదువును కొంత కలుపుట మేలని నా మతము; వేరువేరు బోర్డుల మార్కులను ఒకే త్రాసున తూచుట కష్టమను ఆక్షేపణయు బలమైనదే. మార్కులన్నియు సమానమైనచో వయస్సున పెద్దవానిని ముందు నిలుపు నియమమును కలదు. పాపము, నియమకర్తలకు మరియేమియు దొరకియుండదు.

ఇంట కువి భాషయో సవర భాషయో ఆడు కొండపిల్లవాని ర్యాంకు తక్కువయైనచో, నాలుగు మార్కులు కలుపరాదా యని దయగలవా రడుగుదురు. నేను కలుపను. మార్కు సాక్షివంటిది, సాక్షి చూచినదే చెప్పవలెను. వానికి చేయవలసిన న్యాయమును సీట్ల కేటాయింపునందును, అంతకుముందే బడియందును, ఉపాధ్యాయుల నియామకమునందును చేయవలెను. రాజ్యాంగము ఆ మార్గమును తెరచియే యుంచినది. అయితే గణితపు ప్రశ్నపత్రమున ఆ పిల్లవాడు తప్పినది లెక్కలోనా, లెక్కను చెప్పిన వాక్యములోనా యని విచారింపవలెను. వాక్యములో నైనచో ఆ పత్రము కొలిచినది మన భాషనే. అచ్చట సాక్షికే చూపు చెడినది గనుక దానిని సరిచేయుట దయక్రింద రాదు. ప్రశ్నలు కూర్చువారు పత్రమును అచ్చునకు పంపకమునుపే ఒక కొండబడి పంతులుచేత చదివించినచో, ఏ వాక్యము లెక్కకు అడ్డుపడునో అతడు పది నిమిషములలో గీత గీసి చూపగలడు.