ఏ గడియారం ప్రకారం?

చైనా అంతటికీ అధికారికంగా ఒకటే సమయం, బీజింగ్‌ది. దేశానికి పడమటి అంచున ఉన్న కాష్గర్‌లో చలికాలం ఆ లెక్కన తొమ్మిదైనా పొద్దు పొడవదు. అందుకని కాష్గర్ ఉన్న షిన్‌జియాంగ్ ప్రాంతంలోని వీగర్లు ఇళ్లలో, బజార్లలో బీజింగ్ కంటే రెండు గంటలు వెనకుండే స్థానిక సమయాన్నే వాడుకుంటూ వచ్చారు. రైళ్లు, ఆఫీసులు, యూనివర్సిటీ తరగతులు బీజింగ్ లెక్కన నడుస్తాయి. ఇంటికి భోజనానికి రమ్మని పిలిచేది మాత్రం చాలావరకు ఊరి లెక్కన. ఇంగ్లీషు చెప్పడానికి వచ్చిన విదేశీ మాస్టారిని రెండింటికి రమ్మంటే, ఏ రెండింటికని అతను అడిగి తెలుసుకోవాలి. అతని ఉద్యోగం, జీతం, క్వార్టర్, పోలీసుల దగ్గర పేరు నమోదు అన్నీ మొదటి గడియారం మీదే జరిగిపోతాయి. ఆ ఒక్క గడియారంతోనే ఏళ్లు వెళ్లదీయొచ్చు, ఏ ఇబ్బందీ ఉండదు. నా అభ్యంతరం ఆ ఇబ్బంది లేకపోవడం మీదే. ఉద్యోగంలో కుదురుకోవడం వేరు, మనుషుల మధ్య కుదురుకోవడం వేరు. రెండోది కావాలంటే మాస్టారు వాళ్ల దగ్గర విద్యార్థిగా చేరాలి. అందుకయ్యే ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో కూడా చూసుకోవాలి.

పూర్వపక్షి వెంటనే అందుకుంటాడు: “మాస్టారు వెళ్లింది ఇంగ్లీషు చెప్పడానికి. అదే బాగా చెబితే చాలు. ఊళ్లో పనులకు నాలుగు చైనీస్ ముక్కలు వస్తే సరిపోతుంది. వీగర్ భాష నేర్చుకోవడం సరదా కావచ్చు గానీ బాధ్యత ఎలా అవుతుంది?” ఇది తేలిగ్గా తోసిపుచ్చే ప్రశ్న కాదు. కాకపోతే ఇంగ్లీషు బాగా చెప్పడమంటే అక్కడ ఏమిటో చూడాలి. 2020 జనగణన ప్రకారం షిన్‌జియాంగ్‌లో వీగర్లు సుమారు 1.16 కోట్లు. అయినా 2002లో షిన్‌జియాంగ్ యూనివర్సిటీ వీగర్ మాధ్యమాన్ని, ఆ భాషా సాహిత్యాల కోర్సుల్ని మినహాయించి, దాదాపుగా ఎత్తేసింది. బడుల్లోనూ చైనీస్ మాధ్యమం అంచెలంచెలుగా పైకి వచ్చింది. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల్లో కొత్త మాటలకు అర్థాలు చైనీస్‌లోనే ఉంటాయి. అంటే కుడి నుంచి ఎడమకు రాసే అరబిక్ లిపిలో ఓనమాలు దిద్దిన పిల్లవాడు, ముందు చైనీస్ అక్షరాలు దాటుకుని, ఆ తర్వాతే ఇంగ్లీషు దగ్గరికి రావాలి. చైనీస్ మాత్రమే తెలిసిన మాస్టారు ఆ పిల్లవాడి తప్పును చూడగలడు గానీ ఎందుకు వచ్చిందో చూడలేడు. వీగర్ తుర్కిక్ కుటుంబపు భాష. అందులో ‘అతను’, ‘ఆమె’, ‘అది’ అన్నిటికీ ఒకే సర్వనామం. క్రియ వాక్యం చివర వస్తుంది, ప్రత్యయాలు పదం వెనక ఒకదాని మీద ఒకటి చేరుతాయి. కళ్లారా చూసినదానికి ఒక భూతకాల రూపం, విని లేదా ఊహించి చెప్పేదానికి ఇంకొకటి. మనం ‘వచ్చాడు’, ‘వచ్చాడట’ అని వేరుచేసినట్టే. ఇంగ్లీషు క్రియారూపాల్లో ఆ తేడా లేదు. కుర్రవాడు ‘హి’ అనాల్సిన చోట ‘షి’ అన్నా, ఏ టెన్స్ వాడాలో తోచక ఆగిపోయినా, దాన్ని అజాగ్రత్త అనుకునే మాస్టారికీ కారణం తెలిసిన మాస్టారికీ మధ్య దూరం చిన్నది కాదు. (ఈ విషయంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాడికి ఇంగ్లీషువాడి కంటే పని సులువనే అనుకుంటాను.) కాబట్టి విద్యార్థి భాష తెలియడం పాఠానికి పై మెరుగు కాదు, పాఠంలో భాగమే.

“సరే, కానీ ఇంగ్లీషే వాళ్లకు ఊపిరి కదా,” అంటాడతను. “చైనీస్ పై నుంచి వచ్చిన భాష. ఇంగ్లీషు ఎవరి పక్షమూ కాని మూడో తలుపు. ఆ తలుపు తీసేవాడిని ఇంకో భారం మోయమనడం ఎందుకు?” దీంట్లో నిజముంది. ఇంగ్లీషు వచ్చిన వీగర్లు విదేశాల్లో చదువుకున్నారు, తమ సంగతి ప్రపంచానికి తామే చెప్పుకోగలిగారు. అయితే ఆ తలుపు దాటినవాళ్లు ఏం కోరుకున్నారో కూడా చూడాలి. భాషాశాస్త్రవేత్త అబ్దువలీ అయూప్ అమెరికాలో కాన్సస్ యూనివర్సిటీలో చదువుకుని వెనక్కి వచ్చి, కాష్గర్‌లో వీగర్ భాషలో నడిచే కిండర్‌గార్టెన్ తెరిచాడు. 2013 ఆగస్టులో అరెస్టయ్యాడు, జైలు పాలయ్యాడు. ఇంగ్లీషు బాగా పట్టుబడిన మనిషి దాన్ని సొంత భాషకు బదులుగా తీసుకోలేదు. ఆ భాషను నిలబెట్టుకోవడానికి వాడుకున్నాడు. మాస్టారు మాత్రం రెండూ ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలన్నట్టు ప్రవర్తిస్తే, తన విద్యార్థికి ఉన్న ఆశ కంటే చిన్న ఆశను అతని చేతిలో పెట్టినట్టవుతుంది. ఇంగ్లీషు ఎవరి పక్షమూ కాదన్న మాట కూడా పూర్తిగా నిలవదు. వారంలో ఉండే పీరియడ్లు ఇన్నేనని లెక్క ఉన్నప్పుడు ఏ భాషా ఊరికే వచ్చి చేరదు.

విద్యార్థిగా చేరడం బడిలో కంటే భోజనాల దగ్గర ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. వీగర్ల ఇంట్లో తినే ముందు ఇంటివాళ్లు చెంబుతో అతిథి చేతుల మీద నీళ్లు పోస్తారు, మామూలుగా మూడుసార్లు. తడి చేతులు విదిలించకూడదు, తువ్వాలుతో తుడుచుకోవాలి. నాన్ రొట్టెను బోర్లా పెట్టకూడదు, కింద పడేయకూడదు. ఆ ఇంట్లో ఐదేళ్ల పిల్లకు తెలిసిన ఈ సంగతులు డిగ్రీలున్న మాస్టారికి తెలియవు. ఆమె చూపించాలి, అతను చేయాలి. క్లాసులో ఎప్పుడూ తెలిసినవాడుగానే నిలబడే మనిషికి ఆ ఇంట్లో తెలియనివాడుగా కూర్చోవలసి రావడం మంచిదే.

“మరి అలా భాష నేర్చుకుని లోపలికి వచ్చినవాళ్లు ఏం చేశారో చూడండి,” అని పూర్వపక్షి చరిత్ర తెస్తాడు. 1890ల నుంచి 1938 దాకా కాష్గర్, యార్కండ్‌లలో స్వీడిష్ మిషనరీలు ఉన్నారు. స్థానిక భాష బాగా నేర్చారు, వ్యాకరణాలు రాశారు, బడులు, ఆసుపత్రులు నడిపారు, అచ్చు యంత్రం పెట్టి బడి పుస్తకాలు వేశారు. వాళ్లు నేర్చింది మతం చెప్పడానికే కదా? నిజమే. భాష నేర్చుకోవడం దానంతటదే పుణ్యకార్యం అని నేను అనడం లేదు. గూఢచారులూ భాషలు నేరుస్తారు. నేను చెప్పేది విద్యార్థిగా ఉండటం గురించి. అవతలివాళ్లను మార్చాలనే నిశ్చయంతో వెళ్లినవాడు ఎంత బాగా మాట్లాడినా విద్యార్థి కాడు. అదే కాష్గర్‌కు 1929లో గున్నార్ జారింగ్ అనే స్వీడిష్ యువకుడు కేవలం భాష కోసం వెళ్లాడు. తరువాత దౌత్యవేత్తగా పేరు పడ్డా, ఆ భాషనూ దాని రాతప్రతులనూ జీవితాంతం చదువుతూనే ఉన్నాడు.

కానీ మిషనరీల కథలోనే నాకు మింగుడుపడని అభ్యంతరం ఒకటుంది. దాన్ని పూర్వపక్షి కంటే ముందు నేనే ఎత్తుకోవడం న్యాయం. 1933లో యార్కండ్ తిరుగుబాటుదారుల చేతికి వచ్చినప్పుడు మిషనరీలు ప్రాణాలతో బయటపడ్డారు. వాళ్ల దగ్గర మతం మారిన స్థానికులు చెరసాలలో పడ్డారు, ప్రాణాలు కూడా పోయాయి. విదేశీయుడి చనువు ఖరీదు స్థానికుడే కట్టాడు. 2017 తరువాత ఇది మరింత పెద్దఎత్తున జరిగింది. లక్షలమందిని నిర్బంధ శిబిరాల్లో పెట్టిన ఆ కాలంలో విదేశాలతో సంబంధాలే అనుమానానికి కారణమయ్యాయి. అక్కడ జరిగినవి మానవత్వంపై నేరాలు కావచ్చని 2022 ఆగస్టు 31న ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం నివేదిక ఇచ్చింది. షిన్‌జియాంగ్ యూనివర్సిటీలో జానపద సంస్కృతిని పరిశోధించి, ఎందరో విదేశీ పరిశోధకులకు దారి చూపిన రహీలే దావుత్ 2017 డిసెంబరులో కనిపించకుండా పోయింది. ఆమెకు యావజ్జీవ శిక్ష పడిందని 2023లో బయటపడింది. ఆమె దగ్గర నేర్చుకున్న విదేశీయులు తమ తమ దేశాల్లో క్షేమంగా ఉన్నారు. పాస్‌పోర్టు జేబులో ఉన్న మాస్టారు ఎవరి వాకిలి తట్టినా, ఆ తట్టిన చప్పుడు వినేది ఇంటివాళ్లు ఒక్కళ్లే కాదు.

“అయితే మీ వాదన మీరే కొట్టేసుకున్నట్టు కదా? చనువు ప్రమాదమైతే బీజింగ్ గడియారంతో సరిపెట్టుకోవడమే మర్యాద.” సగం ఒప్పుకుంటాను. ఇవాళ కాష్గర్‌లో ఉన్న విదేశీ మాస్టారు పిలవని ఇంటికి వెళ్లకూడదు, ఫొటోలు తీయకూడదు, విద్యార్థుల పేర్లు ఫోన్‌లో దాచకూడదు, పాఠం బడిలోనే చెప్పి రావాలి. ఆ దూరం పాటించడమే అక్కడ మర్యాద. అయినా దాన్ని కుదురుకోవడం అనకూడదు, ఉద్యోగం చేయడం అనాలి. ఆ తేడా మరిచిపోయిన మాస్టారు తన సౌకర్యాన్ని చూసి ఊరంతా ప్రశాంతంగా ఉందనుకుంటాడు, తిరిగివచ్చి అదే నలుగురికీ చెబుతాడు. అక్కడ వీగర్ నేర్చుకోలేకపోయినా, నేర్చుకోవలసింది ఉందన్న ఎరుకైనా ఉంటే అలా చెప్పడానికి నోరు రాదు.

నిజంగా వాళ్ల మధ్య ఉండదలచినవాడికి కజకిస్తాన్‌లోని ఆల్మటీ ఉంది. ఆ దేశంలో వీగర్లు సుమారు మూడు లక్షలు. సోవియట్ కాలం నుంచి వాళ్లు భాషను సిరిలిక్ లిపిలో రాస్తున్నారు, 1930ల నాటి నాటకశాల ఇంకా నడుస్తోంది, వీగర్ బడులూ ఉన్నాయి. అరబిక్ లిపిలో నేర్చుకుని వెళ్లిన మాస్టారు అక్కడ మళ్లీ అక్షరాల దగ్గర మొదలుపెట్టాలి. ఎవరింటికి వెళ్లినా ఆ ఇంటికి కాష్గర్‌లో ఉన్నంత ముప్పు రాదు. కానీ అక్కడ తల్లిదండ్రులు పైచదువుల కోసం పిల్లల్ని కజక్, రష్యన్ బడులకు మార్చుకుంటున్నారు. ఉన్న వీగర్ బడిలో ఇంగ్లీషుకు మరో పీరియడ్ ఇస్తామని హెడ్మాస్టరు అంటే, అది దేంట్లోంచి తీసి ఇస్తున్నారని మాస్టారు ముందు అడగాలి. అది వీగర్ సాహిత్యం పీరియడ్ అయితే వద్దనాలి. “వద్దంటే అతని జీతం తగ్గుతుంది, ఉద్యోగమే పోవచ్చు,” అంటాడు పూర్వపక్షి. పోవచ్చు. షిన్‌జియాంగ్‌లో ఖరీదు కట్టినవాళ్ల లెక్కతో చూస్తే ఇది చిన్న మొత్తం. పైగా కట్టేది మాస్టారే.