శరత్కాల ఫలములు - గృహ నైవేద్యము

ఆశ్వయుజ కార్తిక మాసములు శరదృతువు. మేఘములు విడిపోయి సూర్యకిరణములు తీక్ష్ణముగా సోకు ఈ కాలమున, వర్షాకాలమందు శరీరమున సంచితమైన పిత్తము ప్రకోపించునని ఆయుర్వేదము చెప్పుచున్నది. తెలుగు ఇండ్లకు దానిమ్మ, ఉసిరిక, సీతాఫలము, వెలగ వచ్చి చేరునదియు ఇప్పుడే. నీరు కట్టివైచి పూతను కోరిన కాలమునకు రప్పించు రైతుల నేర్పు వలన దానిమ్మ నేడు ఏడాది పొడవునను దొరకుచున్నది గాని, ఉసిరిక మాత్రము తన కాలమునకే వచ్చును.

పులుపు సాధారణముగా పిత్తమును పెంచును. చరకసంహిత సూత్రస్థానమున దీనికి రెండు మినహాయింపులు చెప్పబడినవి. ఒకటి దాడిమము, రెండవది ఆమలకము. అనగా దానిమ్మ, ఉసిరిక. పిత్తము హెచ్చు ఋతువున పిత్తమును పెంచని ఆ రెండు పులుపులే నైవేద్యపు పళ్లెరమునకు చేరుట గమనింపదగినది.

సీతాఫలమును వండనక్కరలేదు; విప్పి స్వామి యెదుట నుంచిన చాలును. వెలగగుజ్జునకు బెల్లము కలిపిన నైవేద్యము సిద్ధము. మెలకువ కావలసినది తక్కిన రెంటికే.

దానిమ్మను అడ్డముగా కోసినచో గింజలు చితికి రసము కారిపోవును. కిరీటము చుట్టును కత్తితో గీటు పెట్టి తీసివైచి, లోని పొరల వెంట తొక్కను నిలువుగా గీచి చేతితో విప్పవలెను. గింజల నంటియుండు పసుపుపచ్చని పొర మిక్కిలి వగరు. తునుక మిగిలినను దధ్యోదనము రుచి చెడును. అన్నము చల్లారిన పిమ్మట పెరుగును పోపును కలిపి, నివేదనకు కొంచెము ముందు మాత్రమే గింజలు చల్లవలెను. ముందుగా కలిపినచో రసమూరి అన్నము ఎఱ్ఱబారును. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుపు వస్తువుల నుంచరాదు, చిలుమెక్కును. గిన్నె మెఱుగు చూచి మోసపోవువారే ఎక్కువ.

ఉసిరికలను ఆవిరిపై ఉడికించి, గింజలు తీసి మెదిపి, ఉప్పు పసుపు చేర్చి, ఆవాలు, మినపపప్పు, శనగపప్పు, పచ్చిమిరప, ఇంగువల పోపుతో అన్నమునకు పట్టించినచో చింతపండు లేకయే పులిహోర యగును. రాత్రియందును ఆదివారమునందును ఉసిరిక తినరాదని ఆచారము. క్షీరాబ్ధి ద్వాదశి సాయంకాలము ఉసిరికొమ్మను తులసి చెంత నాటి పూజించు ఇండ్లవారు సైతము ఈ పులిహోరను పగటి వనభోజనములకే వండుకొనుట మేలు.

నైవేద్యమునకు వండునది రుచి చూడరాదు. ఫలముల వంటలో ఇది కష్టమైన నియమము. ఏలయన ఒకే చెట్టు దానిమ్మలైనను రెండు ఒకే తీపి నుండవు. అందుచేతనే చేయి తిరిగిన పెద్దలు ఉప్పు ఒకింత తక్కువగా వేయుదురు. తగ్గినదానిని వడ్డనలో సవరింపవచ్చును.

అయితే నియమము పేరిట కొన్ని ఇండ్లలో ఒక అపచారము జరుగుచున్నది. జ్వరము తగ్గి లేచిన బిడ్డ దానిమ్మపండు అడుగును. పూజ కాలేదని మధ్యాహ్నము దాక వానిని ఏడ్పింతురు. నెలలు నిండిన కోడలును అట్లే ఆకలితో కూర్చుండును. దీనిని భక్తి యనుకొందురు! మనుస్మృతి తృతీయాధ్యాయమున క్రొత్తగా పెండ్లియైన స్త్రీలను, కన్యలను, రోగులను, గర్భిణులను అతిథులకంటె ముందుగా, ఆలోచింపక భుజింపజేయవలెనని విధింపబడినది. అతిథిని దేవునిగా నెంచిన ధర్మమే అతిథిని కొంత నిలుమన్నది.

అతిథికంటె ముందనిరి గాని దేవునికంటె ముందనలేదే యని శంకించువారుందురు. పండు విప్పగానే మొదటి గింజలను వేఱొక గిన్నెలో స్వామికి తీసి మూత పెట్టినచో వానికి ఎంగిలి సోకదు. పూజయు తన వేళకే జరుగును. మిగిలిన గింజలను పలుచని శుభ్రవస్త్రమున పిండి, ఆ రసమును బిడ్డకు అప్పుడే త్రాగింపవలెను. పిండినవారు కాళ్లు చేతులు కడిగికొని పూజకు కూర్చుండవచ్చును.