అభినయశిక్షయు శీలమును

నేడు మన దేశమున కొన్ని విశ్వవిద్యాలయములందు నాటకకళ పాఠ్యవిషయమై యున్నది. అచ్చటి తరగతులలో విద్యార్థులు నాటకము నంతను ఒక్కసారిగా పట్టక, అందొక రంగమును గైకొని, ఇద్దరు ముగ్గురుగా గూడి, దానినే దినముల తరబడి అభ్యసింతురు. ఈ పాత్ర ఇప్పుడేమి కోరుచున్నది? దాని కడ్డువచ్చున దేమి? ఎదుటివాని మాట దీని మనస్సు నెట్లు మార్చుచున్నది? ఇట్లు విచారించుటయే ఈ విద్యకు మూలము. 1898లో మాస్కో కళానాటకశాలను స్థాపించిన ఇరువురిలో నొకడైన స్టానిస్లావ్‌స్కీ ఇట్టి అభ్యాసమున కొక క్రమపద్ధతి నొసంగెను.

తమ బిడ్డల నీ తరగతులకు పంపు గృహస్థుల కొక సందేహము కలుగుట సహజము. లోభిని, వంచకుని, క్రూరుని దినదినమును అభినయించు యువకుని శీలము చెడదా? ఈ శంక నేటిది కాదు. రాజ్యరక్షకులు కాదగిన బాలురు నీచుల ననుకరింపరాదనియు, చిన్ననాటి యనుకరణము స్వభావముగా పరిణమించు ననియు గ్రీకు తత్త్వవేత్త ప్లేటో తన 'రిపబ్లిక్' గ్రంథమున జెప్పెను. పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు డిడెరో, ఉత్తమనటుడు తాను ఆవేశమునకు లోనుగాకయే పరులకు భావము గలిగించునని వాదించెను. మొదటివాని మాటచే అభినయము ప్రమాదము. రెండవవాని మాటచే అది కపటమని తోచును. మన భరతముని సాత్త్వికాభినయమునకు మనస్సుయొక్క ఏకాగ్రత మూలమనెను. ఏకాగ్రత తన్ను తాను మరచుటయు గాదు, నటించి మోసగించుటయు గాదు. మన దారి ఇచ్చటనే కలదు.

ఒక యుదాహరణమును పరిశీలింతము. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడెను. అందు అగ్నిహోత్రావధానులు తన చిన్నకూతురిని ముదుసలియగు లుబ్ధావధానుల కిచ్చుటకు నిశ్చయించును. భార్య వెంకమ్మ వలదని మొరపెట్టును. పెద్దకూతురు బుచ్చమ్మ అప్పటికే వితంతువై ఇంట నున్నది. ప్రేక్షకులమైన మనము అవధానులను నిందించి, మనము మంచివారమని సంతసించి, ఇంటికి పోవుదుము. ఆ పాత్రను ధరించు విద్యార్థి కట్టి సులభమార్గము లేదు. అవధానులు తాను పాపము చేయుచున్నానని తలంపడు. ఇంటి యజమానిని, నా మాట చెల్లవలయునని తలంచును. ఆ తలపు తనలో నెచ్చట నున్నదో విద్యార్థి వెదకికొనవలయును. నిన్న చెల్లెలి మాటను నడుమనే త్రుంచిన తన కంఠస్వరమునందే అది దొరకవచ్చును. క్రౌర్యము రాక్షసులకే పరిమితము గాక మనవంటివారియందును గలదని తెలిసికొనుట శీలమునకు హాని యెట్లగును?

ఐనను, దోషము నర్థము చేసికొనుట దానిని సమర్థించుటయే యని కొందరందురు. ఒక్క పాత్రనే పట్టుకొని యున్నచో నట్లగుట కలదు. కావున పాత్రలను మార్చి అభ్యసింపజేయుట మేలు. నిన్న అవధానులై గర్జించినవాడు నేడు వెంకమ్మయై ఆ గర్జనమును వినవలయును. రంగస్థలమున స్త్రీపాత్రలు స్త్రీలకే చెందవలయునని బళ్లారి రాఘవగారు (1880–1946) కోరుట న్యాయమే. కాని తరగతి ప్రదర్శనము గాదు, విద్య. తన బదులు వినబడని నోటితో ఒక గడియ నిలిచి చూచినవానికి ఉపన్యాసములు చెప్పలేనిది కొంత తెలియును.

అసలు ప్రమాదము వేరొకచోట నున్నది. నటుడు తన పూర్వానుభవముల స్మృతినుండి భావమును రాబట్టవలయునని స్టానిస్లావ్‌స్కీ తొలుత బోధించి, పిమ్మట దేహక్రియల ద్వారా భావమును మేల్కొల్పు మార్గమునకు మొగ్గెను. ఈ మార్పును గమనింపని యుపాధ్యాయుడు, తల్లిని కోల్పోయిన బాలికను ఆ దుఃఖమునే తలంచి కన్నీరు పెట్టుమని యడుగవచ్చును. తోటివారి యెదుట ఆమె 'వల్ల' దనుటకు జంకును. పాఠము పేర నొకరి గాయమును రేపుటకు గురువునకు హక్కెక్కడిది? వెంకమ్మ దుఃఖమును జూపుటకు వెంకమ్మ స్థితియే చాలును.

కావున తలిదండ్రులు తమ బిడ్డను 'నీకే పాత్ర యిచ్చిరి?' యని యడుగుటతో తృప్తిపడరాదు. 'ఎదుటిపాత్రను గూడ నీచే ధరింపజేసిరా? వలదన్నప్పుడు నీ మాట వినిరా?' యని యడుగవలయును. ఈ రెంటికి ఔనను బదులు వచ్చినచో, బిడ్డ యే దుష్టపాత్ర ధరించినను మనము భయపడ బనిలేదు.