జాతియా, ఉపాధియా?

అనేక వస్తువులయందు ఒకే ధర్మము కానవచ్చినప్పుడు, అది వాని స్వభావమునకే చెందిన జాతియా, లేక ఏదో నిమిత్తముచేత వానికి సంక్రమించిన ఉపాధియా యని మన నైయాయికులు శతాబ్దముల తరబడి విచారించిరి. వెబ్ అప్లికేషన్లు వ్రాయువారు, అభ్యర్థనలను గైకొని ప్రత్యుత్తర మొసఁగు కంట్రోలర్లకు ఉమ్మడిగా నుండవలసిన కోడును ఎచ్చట నుంచుదమా యని యోచించునప్పుడు ఆ విచారమునే, తామెఱుఁగకయే, కొనసాగించుచున్నారు.

కనిపించిన ప్రతి సామ్యమును జాతి కానేరదు. నైయాయికుఁడైన ఉదయనాచార్యులు జాతిత్వమునకు చెప్పిన ఆఱు బాధకములలో సాంకర్యము నాకు మిక్కిలి గంభీరముగాఁ దోఁచును. పృథివి, జలము, తేజస్సు, వాయువు భూతములును మూర్తములును గూడ. ఆకాశము భూతమే కాని మూర్తము కాదు. మనస్సు మూర్తమే కాని భూతము కాదు. ఇట్లు ఒకదానిలో నొకటి ఇముడక, కొన్నియెడల మాత్రమే కలిసియుండు ధర్మములు ఉపాధులే కాని జాతులు కావు.

2004లో వెలువడిన రైల్స్ ఫ్రేమ్‌వర్కుతో నిర్మించిన ఒక అంగడిని తలఁచుకొందము. చెల్లింపుల కంట్రోలరునకు లాగిన్ పరీక్ష కావలెను, పుటవిభజన అక్కఱలేదు. సరకుల పట్టికకు పుటవిభజన కావలెను, లాగిన్ అక్కఱలేదు. ఆర్డర్లకు రెండును కావలెను. రూబీ భాషలో ఒక క్లాసునకు మాతృక్లాసు ఒక్కటియే గావున, ఈ రెండు ధర్మములను రెండు మాతృక్లాసులుగాఁ జేసినచో ఆర్డర్లు దేని సంతానము? అట్లుగాక రెంటిని అన్నిటికిని మూలమైన అప్లికేషన్ కంట్రోలరులోనే కుమ్మరించినచో, తమవి కాని ధర్మములను వలదనుచు ఒక్కొక్క కంట్రోలరును మినహాయింపులు వ్రాసికొనవలసివచ్చును. కనుకనే 2013లో వచ్చిన నాలుగవ రైల్స్, ఇట్టి ధర్మములను మాడ్యూళ్లుగా నుంచుటకై కన్‌సర్న్స్ అను ఫోల్డరును ప్రతి నూతన అప్లికేషనునందును సిద్ధపఱచినది.

ఇచ్చట నొక చిక్కు కలదు. చేర్చుకొన్న మాడ్యూలును రూబీ ఆ క్లాసుయొక్క పూర్వుల వరుసలోనే నిలుపును. ఈ కంట్రోలరు ఆ మాడ్యూలు జాతిదియేనా యని అడిగినచో ఔననును. యంత్రమే ఉపాధికి జాతిపీఠము వేయుచుండఁగా, ఆ ధర్మమును తొలఁగించినను కంట్రోలరు కంట్రోలరుగా నిలుచునా యను వివేచన మనుష్యునిదే కావలెను. నా మతమున, అభ్యర్థనను గైకొని ప్రత్యుత్తర మొసఁగుట తప్ప, మూలక్లాసులో మనము చేర్చునవి చాలవఱకు ఉపాధులే.

ఆ మిగిలిన జాతియు కల్పితమే యని బౌద్ధ తార్కికుఁడు ధర్మకీర్తి యనును. అంతదూరము పోవుటకు నాకు మనసొప్పదు. ఏలయన అర్థక్రియాసామర్థ్యమే, అనఁగా కార్యమును కలిగించు శక్తియే, సత్తకు లక్షణమని చెప్పినవాఁడును ఆయనయే, మూలక్లాసులోని ఒక్క పంక్తి మారినచో దాని సంతానమంతటి నడవడియు మారుచున్నది.