ఏ ఊళ్ళో కాపురం?

మా అమ్మ కాలంలో ఈ ప్రశ్నే లేదు. ఆడపిల్లకు మొగుడితోపాటు ఊరూ వచ్చేది. బస్సు దిగి బిందె ముంచేదాకా ఆ ఊరి నీళ్ళు ఉప్పనో చప్పనో కూడా తెలిసేది కాదు. నా పెళ్ళినాటికీ ఈ సంగతి పెద్దగా మారలేదు.

ఇప్పటి పిల్లలు నయం. ఊరిని కూడా పెళ్ళిచూపులు చూస్తున్నారు. మొన్నామధ్య నా మేనకోడలూ, దాని భర్తా ఒక కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చారు. అబ్బాయికి ఆర్మూరులో బ్యాంకు ఉద్యోగం. పిల్లది హైదరాబాదు కంపెనీ పనిని ఇంట్లో కూర్చునే చేసుకుంటుంది. కాగితం నిండా గళ్ళు గీశారు. ఒకవైపు నిజామాబాదు, ఆర్మూరు, అంకాపూర్. ఇంకోవైపు అద్దె, నీళ్ళు, ఆసుపత్రి, బడి, భద్రత. అన్నీ నింపారు గానీ చివరి వరస ఖాళీగా ఉంది.

“ఇదొక్కటి నువ్వు నింపు అత్తమ్మా. పుట్టి పెరిగిన జిల్లా గదా,” అంది.

దొంగల సంగతి అడుగుతోందనుకున్నాను. కాసేపటికి గానీ నా మొద్దు బుర్రకు వెలగలేదు. వాళ్ళది కులాంతర వివాహం. అబ్బాయి దళితుల బిడ్డ. మా అన్నయ్య ఆరు నెలలు వాళ్ళతో మాట్లాడలేదు.

ఇష్టపడి పెళ్ళి చేసుకున్న జంటల జోలికి ఏ పంచాయితీ పోరాదనీ, ప్రాణభయం ఉన్నవాళ్ళకు జిల్లాల్లో రక్షణ గృహాలు ఉండాలనీ 2018 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సెప్టెంబరులోనే మిర్యాలగూడలో ప్రణయ్‌ని, గర్భిణి అయిన భార్య పక్కన ఉండగా, ఆసుపత్రి బయట పట్టపగలు నరికి చంపారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. మిర్యాలగూడ అతనికి కొత్త ఊరేం కాదు, సొంత ఊరు. ఇక ఆ గడిలో ఏమని రాయను?

ఆదివారం ముగ్గురం అంకాపూర్ వెళ్ళాం. ఆర్మూరు నుంచి నిజామాబాదు దారిలో, రోడ్డు పక్కనే ఉంటుంది. వానాకాలమైతే మక్కకంకులు కాల్చే పొగే ఊరి ఆనవాలు. మేం వెళ్ళింది పసుపు తవ్వే రోజుల్లో. పల్లెటూరే గానీ ఇళ్ళు పట్నంలాగే ఉన్నాయి. విత్తనాలు శుద్ధి చేసే కేంద్రాలు, ఎర్రజొన్న చేలు, ఫోను చేసి చెబితే నాటుకోడి కోసి వండిపెట్టే ఇళ్ళు. అద్దె హైదరాబాదులో సగం కూడా లేదు. పిల్లది అప్పుడే పరదాల రంగు ఆలోచిస్తోంది.

ఇల్లుగల ముసలామె మేడమీది గదులు చూపించింది. పిల్లలిద్దరూ కుళాయిలు తిప్పి చూస్తుంటే నన్ను పక్కకు పిలిచి, “పిలగాడు ఏమోళ్ళు?” అని అడిగింది. అంటే కులమేమిటని.

“బ్యాంకులో పనమ్మా,” అన్నాను.

ఎంత తెలివైన జవాబో చూశారా! అబద్ధం కాదు. నిజం అంతకన్నా కాదు. ఇరవయ్యేళ్ళుగా నవలల్లో నాయికల చేత ధైర్యంగా మాట్లాడించిన చేయి నాది. నోరు మాత్రం గడపలోనే తడబడింది.

తిరుగుదారిలో నా గడుసుతనం నేనే చెప్పుకున్నాను. పిల్లది మొహం మాడ్చుకుంది. అబ్బాయి మాత్రం నెమ్మదిగా, “నిజామాబాదులో చదువుకునేటప్పుడు రూము కోసం నేను రెండుసార్లు ఇంటిపేరు మార్చి చెప్పిన చిన్నమ్మా. రూము మంచిగనే ఉండె. నిద్రే పట్టకపోయేది. ఎవడన్నా దోస్తు వచ్చి అసలు పేరుతోని పిలుస్తడేమోనని,” అన్నాడు.

వరసకు నాకు కొడుకు. ఆ మాట విన్నాక నేను మళ్ళీ నోరెత్తలేకపోయాను.

ఊళ్ళో పదిమంది కళ్ళు మనమీద ఉంటే అదే భద్రత అంటాం. నిజమే. పట్నంలో జ్వరమొచ్చి మూడు రోజులు పడుకున్నా పక్క తలుపు తీయరు. ఇక్కడ ఒక పూట పొయ్యి వెలగకపోతే అడుగుతారు. ఒకరి వెనక ఒకరు నిలబడడం ఈ జిల్లాకు తెలుసు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాదులో 185 మంది పోటీ చేశారు. అందులో 170 మందికి పైగా, పసుపుకు బోర్డూ పంటకు ధరా కావాలని నామినేషను వేసిన రైతులే. ఒక్కో పోలింగు కేంద్రంలో 12 ఓటింగు యంత్రాలు పెట్టాల్సివచ్చింది. 2025లో బోర్డు వచ్చింది.

అయితే ఆ కట్టుబాటుకే ఇంకో మొహం ఉంది. ఈ జిల్లాలో చాలా ఊళ్ళకు గ్రామాభివృద్ధి కమిటీలున్నాయి. గుడీ, దారీ, పండుగా అవే చూసుకుంటాయి. కొన్నిచోట్ల అవే కమిటీలు ఒక కులాన్నో, కొన్ని కుటుంబాలనో వెలివేశాయని పోలీసులకు ఫిర్యాదులూ వెళ్ళాయి. కాపలా కాసే కళ్ళే వెలివేసేవీ అయితే, ఆ కాపలా ఎవరికి?

“బండి మళ్ళించు,” అంది పిల్లది ఉన్నట్టుండి. మళ్ళీ అదే ఇంటి ముందు దిగాం. ముసలామె పసుపు కొమ్ములు కుప్పచేస్తోంది. ఈసారి నేను మాట్లాడలేదు. అబ్బాయే తన పేరు, ఇంటిపేరు, కులం చెప్పాడు. “నీకిష్టం లేకుంటే ఫరవాలేదు పెద్దమ్మా. తర్వాత తెలిసి నువ్వు బాధపడొద్దని చెప్తున్న,” అన్నాడు.

ఆమె చేతులు ఆగాయి. చాలాసేపు మాట్లాడలేదు. ఆ కాసేపట్లో నాకు మిర్యాలగూడ మొత్తం కళ్ళముందు తిరిగింది. చివరికి నావైపు చూసి, “గా ముచ్చట పొద్దుగాలనే చెప్తే అయిపోవు గద,” అంది. తర్వాత అబ్బాయితో, “కిరాయి మాత్రం ఒకటో తారీఖుకే ఇయ్యాలె బిడ్డా,” అంది.

ఒక్క ముసలామె మాటతో ఊరంతా మంచిదని నేననను. రేపు ఆమె కొడుకు ఏమంటాడో, పక్కింటివాళ్ళు ఏమంటారో ఎవరికి తెలుసు? ఆమె స్థానంలో నేనుంటే కాసేపు ఆగకుండా సరేననేదాన్నా? ఆరు నెలలు మాట్లాడని అన్నయ్యకు చెల్లెల్ని. గుండె మీద చేయి వేసుకుని చెప్పలేను.

ఒకటి మాత్రం తెలిసింది. దొంగలు లేని ఊళ్ళు దొరుకుతాయి, చవకైన ఇళ్ళూ దొరుకుతాయి. మన పేరు మనం చెప్పుకుని రాత్రి నిద్రపోగలిగిన ఇల్లయితేనే అది మనకు భద్రం. అలాంటి ఇల్లు ఉందో లేదో, చెప్పి చూస్తే తప్ప తెలియదు. ఎదుటివాళ్ళకు మంచివాళ్ళయ్యే అవకాశం కూడా అప్పుడే వస్తుంది. నా తెలివైన జవాబుతో ఆ అవకాశాన్ని ఆ ముసలామెకు దక్కకుండా చేయబోయాను.

ఇంటికొచ్చాక పిల్లది కాగితం తీసింది. అంకాపూర్ కింద, భద్రత గడిలో ఒకే మాట రాసింది: “చెప్పినం.”