నాలుగవ ఋణము

ఉన్నవాడెల్ల ఋణముతోడనే జన్మించునని చెప్పిన శతపథబ్రాహ్మణము, దేవ ఋషి పితృ ఋణములతో నాగక, మనుష్యఋణమను నాలుగవదానిని గూడ నెన్ని, ఇంటికి వచ్చినవానికి నిలువ నీడయు తిన నన్నమును పెట్టుటచే నది తీరునని నిర్ణయించినది. తక్కిన మూడింటిని గూర్చి మన పెద్దలు విస్తరించి చెప్పిరి. నాలుగవదియే, నేడు పోరంకిలోనో పెనమలూరిలోనో యిల్లు కొనదలచి గృహఋణమునకై బ్యాంకు మెట్లెక్కు సంసారి యెదుట, 300 మొదలు 900 వరకు గల యొక యంకెయై నిలుచుచున్నది. సిబిల్ స్కోరని జనులు వాడుక చేయు ఆ యంకె అప్పు చేసినవానికే గాని కలుగదు. ఋణము లేనివాడు లేడని శ్రుతి యనుచుండ, ఋణము చేయనివానిని నేనెరుగనని, ఆ యంకెకు మూలమైన అప్పుల చిట్టా యనుచున్నది. మనుజుని నమ్మదగినతనమునకు వీనిలో నేది సాక్ష్యము?

కృష్ణా డెల్టాలో నమ్మకము నోటుమీద నిలిచిన కాలము నిన్నమొన్నటిది. ఇప్పటికిని పూర్తిగ పోలేదు. రెవెన్యూ స్టాంపుపై అడ్డముగ చేసిన సంతకము, మాసూళ్లనాడు ముట్టిన పైకమునకు నోటువెనుక వ్రాసిన చెల్లు, మూడేండ్ల కాలదోషము పట్టకముందే అప్పిచ్చినవాని యరుగుమీద కూర్చుండి తిరుగవ్రాసిన క్రొత్తనోటు, ఇవన్నియు నొకరికొకరు ముఖాముఖి నిచ్చుకొన్న మాటకు గురుతులు. నోటు చెల్లకపోయినను బాకీ పోదనియు, తండ్రి చేసిన యప్పు తనయునిదే యనియు నెంచిన కుటుంబము లీ సీమలో ననేకము. కాని యా ముఖపరిచయమును నేను మితిమీరి పొగడజాలను. అరుగెక్కనీయని కులమువానికిని, సెంటు భూమిలేని కౌలుదారునకును అచ్చట మాట పుట్టలేదు. చిట్టా కులమడుగదు, అందుల కది గౌరవింపదగినది. అయినను, 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెనవంటిది మరల వచ్చి బీదవాని వాయిదా తప్పించినచో, తప్పిన వాయిదా యందు కనబడును గాని ఉప్పెన కనబడదు.

1923లో మచిలీపట్టణమున భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రాబ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనప్పుడు, ఈ ప్రాంతపు కుటుంబము లెన్నియో కోరకయే బ్యాంకు మారినవి. కోరి మారువారును గలరు. గృహఋణమునకు ముందు ఖాతా మార్చుచు తన చిట్టాను చక్కబెట్టుకొనుట కపటమగునా యని ధర్మభీరువులు సందేహింతురు. కాదని నా నిశ్చయము. నెలనెల వాయిదా పోవు ఏర్పాటును క్రొత్తఖాతాకు మార్చకయే పాతదానిని మూసినవాడు, చేత సొమ్ముండియు వాయిదా తప్పినవాడుగ వ్రాయబడును. క్రెడిట్ కార్డునకును ఓవర్‌డ్రాఫ్టునకును నాలుగు బ్యాంకులలో నొకేమారు దరఖాస్తు పెట్టినవాడు, ఒక్కొక్క విచారణయు నమోదగుటచే, అప్పునకై పరుగులెత్తువానివలె నగపడును. లేని దోష మున్నట్లు లోకమునకు తోపకుండ చూచుకొనుట సత్యమునకు చేయు సేవయే. ఉన్న యప్పును దాచుటయు, లేని యాదాయమును చూపుటయు మాత్రమే యనృతము. తన చిట్టాను తాను చూచుకొన్నందున నంకె తగ్గదు. ఈ చిట్టాలు వ్రాయు సిబిల్ మున్నగు నాలుగు సంస్థలును ఏటేట నొక పూర్తినివేదికను ఉచితముగ నీయవలసియున్నవి.

మరి వ్రాసినవారే తప్పు వ్రాసినచో? ఫిర్యాదు నందిన 30 దినములలో పరిష్కరింపనిచో, పిమ్మట దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారము చెల్లింపవలెనని రిజర్వు బ్యాంకు 2023లో విధించినది. మనుజుని పేరు తన పుస్తకమున నెక్కించుకొన్నవాడు ఆ మనుజునకు బాకీపడునను భావ మిందులో గలదు గనుక, శతపథము చెప్పిన నాలుగవ ఋణమే నాకిందు పొడగట్టుచున్నది. ఒకరి యప్పు తనపేర పడి, బయానా యిచ్చిన యిల్లు చేజారిన సంసారికి దినమునకు నూరు రూపాయలు చాలవు.