ముందు పొట్ట మీద చెయ్యి వేసి చూడమను

బుజ్జమ్మా,

మీ అమ్మ ఫోన్‌లో చెప్పీచెప్పకుండా చెప్పింది. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతున్నా డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళనని మొండికేశావట. అక్కడ నిన్ను ఏమన్నారో నేను అడగలేదు. మీ చిన్నమ్మమ్మ పక్కన కూర్చుని ఆ మాటలన్నీ విన్నదాన్నే.

అది చిన్నప్పటినుంచీ బొద్దుమనిషి. తెనాలిలో ఇద్దరం హైస్కూలుకి నడిచి వెళ్తుంటే అరుగుల మీదివాళ్ళు ఏదో ఒకటి అనేవాళ్ళు. అది తలెత్తుకునే నడిచేది. అలాంటిది, నలభై దాటకుండానే పొట్ట ఉబ్బరం, పక్కలో నొప్పి మొదలయ్యాయి. డాక్టరు బల్ల ఎక్కమని కూడా అనలేదు. "అన్నం తగ్గించమ్మా, సాయంత్రం నడువు" అన్నాడు. ఎక్కడికి వెళ్ళినా అదే పాట. రాగిజావతో రోజులు గడిపింది పిచ్చిది. చేతులు చిక్కి గాజులు జారాయి, పొట్ట మాత్రం పెరిగింది. చివరికి గుంటూరులో ఒక డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, వెంటనే స్కానింగుకి పంపింది. అండాశయంలో గడ్డ. అప్పటికే పాకిపోయింది. దాని కూతురి పెళ్ళి పీటల మీద నేను కూర్చోవలసి వచ్చింది. ఆ మొదటి డాక్టరు మీద కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

ఇప్పుడైతే మరీను! పెళ్ళికి వెళ్తే అక్షింతలు వేసేలోపే "ఏమ్మా, ఒళ్ళు చేశావ్?" అంటారు. ఫోన్ తెరిస్తే నెలలో పది కిలోలు తగ్గిస్తామనే ప్రకటనలు. థైరాయిడ్ వల్ల, పీసీఓఎస్ వల్ల, కొన్ని మందుల వల్ల కూడా ఒళ్ళొస్తుంది. నింద మాత్రం తిండి మీదే. ఎత్తూ బరువూ చూసి కట్టే ఆ బీఎంఐ లెక్కకి మూలం 1830ల్లో బెల్జియం గణితవేత్త కేత్లే జనం సగటు కోసం కట్టిన సూత్రం. మనవాళ్ళకి తక్కువ బరువులోనే షుగరు వస్తుందని అధిక బరువు హద్దుని 23కి దించారు. అది జాగ్రత్తకే, చీదరించుకోడానికి కాదు. బరువు గురించి చెప్పొద్దని నేననను. వచ్చిన బాధేమిటో చూశాక చెప్పమంటాను.

సరే, విను. సోమవారం సెలవు పెట్టు. అమ్మని వెంటబెట్టుకెళ్ళు. ఎప్పటినుంచి, ఎన్ని రోజులు, ఎంత రక్తం పోతోందో కాగితం మీద రాసుకో. బరువు తగ్గమని పంపేయబోతే, "సన్నగా ఉన్నావిడ ఇదే బాధతో వస్తే ఏ పరీక్షలు రాస్తారో అవే నాకూ రాయండి" అను. అక్కర్లేదంటే ఆ మాటే చీటీ మీద రాసివ్వమను. బీపీ పట్టీ చేతికి బిగుతైతే పెద్దది అడుగు. చిన్నదానితో బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఇంకో డాక్టరుకి చూపించుకునే హక్కు, రిపోర్టులు అడిగి తీసుకునే హక్కు జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలోనే ఉన్నాయి. మొహమాటపడకు.

డబ్బు మీ మామయ్య పంపుతాడు. హిమోగ్లోబిన్ ఎంతుందో ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ అమ్మమ్మ